వలస ఎప్పుడు ఊరవుతుంది?

ప్రతి సంవత్సరం కొత్తగా చేరిన విద్యార్థులను నేను మొదటిరోజు అడిగే ప్రశ్న ఒకటుంది: "మీదే ఊరు?" చిన్న ప్రశ్నే గాని చెన్నైలో దీనికి సూటిగా జవాబు రాదు. ఒకసారి ఒక విద్యార్థిని కాసేపు ఆలోచించి, "మేముండేది చాకలిపేట సార్. మా ఊరు నెల్లూరు దగ్గర. కాని నేనెప్పుడూ చూడలేదు" అంది. ఆమె తాతగారి కాలంనుంచి ఆ కుటుంబం ఈ నగరంలోనే ఉంది. పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ, చదివింది ఇక్కడ. అయినా "ఊరు" మాత్రం ఎన్నడూ కంటితో చూడని మరొక చోటు!

ఈ జవాబు వింతైనదేమీ కాదు. పేరు చెప్పకుండా "ఊరికి వెళ్తున్నాను" అంటే సొంత ఊరికి అనే అర్థం. తమిళంలోనూ అంతే. రెండు భాషల్లోనూ "ఊరు" అన్న మాటకు కేవలం నివాసస్థలమనే కాక, "మనం చెందిన చోటు" అనే అర్థం కూడా ఉంది. కనుక మన ముందు రెండు ప్రశ్నలున్నాయి. మనుషులు ఊరు విడిచి నగరానికి ఎందుకు వస్తారు? వచ్చినచోటు ఎప్పుడు వాళ్ళ ఊరవుతుంది? చాలామంది ఈ రెండింటినీ ఒకే ప్రశ్నగా భావిస్తారు. రెండూ వేరని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు మాటల చరిత్ర

ముందు భాష ఏం చెబుతుందో చూద్దాం. "వలస" అనే మాటకు పాత నిఘంటువులు ఇచ్చిన అర్థం శత్రుసేనల భయంవల్ల ఇల్లూవాకిలీ విడిచి దూరంగా తరలిపోవడం. అంటే అది మొదట భయాన్ని సూచించిన మాట. కాని ఉత్తరాంధ్ర పటం తీసి చూడండి. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస ఉంది. విశాఖపట్నంనుంచి విజయనగరం వెళ్ళే దారిలో కొత్తవలస ఉంది. ఆ ప్రాంతంలో "వలస"తో ముగిసే పల్లెలు ఇంకా ఎన్నో కనిపిస్తాయి. ఎవరో ఎక్కడినుంచో తరలివచ్చి దిగిన చోటు కాలక్రమాన ఊరై స్థిరపడింది. తరలిపోవడాన్ని తెలిపే మాటే నిలిచిపోయిన చోటికి పేరైంది. ఆమదాలవలసలో పుట్టినవారు ఈనాడు తమ ఊరిపేరులో ఒక ప్రయాణం ఉందని తలచుకోరు. వలస ఊరు కావడమంటే ఇదే.

రెండవ మాట "బతుకుదెరువు". తెరువు అంటే దారి. బాటసారిని తెరువరి అన్నది ఇందుకే. బతుకు, తెరువు కలిసి సమాసమైనప్పుడు తకారం దకారమైంది. జీవనోపాధిని చెప్పే మన మాటలోనే ఒక దారి దాగి ఉంది. బతకడానికి నడిచిపోవలసి వస్తుందని ఈ మాటను పుట్టించినవారికి తెలుసు.

ఎందుకు కదులుతారు?

ఈ విషయాన్ని శాస్త్రీయంగా మొదట పరిశీలించినవారిలో రావెన్‌స్టయిన్ ముఖ్యుడు. 1885లో ఆయన బ్రిటన్ జనాభా లెక్కలను పరిశీలించి వలసలకు కొన్ని సూత్రాలు చెప్పాడు. ఎక్కువమంది దగ్గరి చోటికే కదులుతారు. దూరం వెళ్ళేవారు పెద్ద వర్తక కేంద్రాలకే వెళతారు. ప్రతి ప్రవాహానికీ ఒక ఎదురు ప్రవాహం ఉంటుంది. దగ్గరి దూరాలకు కదిలేవారిలో స్త్రీలే ఎక్కువ. మన దేశంలో ఈ చివరి సూత్రానికి కారణం వెతకనక్కరలేదు. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన ప్రతి ఆడపిల్లా జనాభా లెక్కల దృష్టిలో వలస వచ్చిన మనిషే.

1970లో హారిస్, టొడారో అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు మరొక చిక్కును విప్పారు. నగరంలో నిరుద్యోగం ఉందని తెలిసీ జనం ఎందుకు వస్తారు? వారి జవాబు: మనిషి పోల్చుకునేది ఇక్కడి కూలితో అక్కడి కూలిని కాదు, అక్కడ రావచ్చునని తాను ఆశించే రాబడిని. ఒక ఉదాహరణ అనుకుందాం. మెట్టపొలాల ఊళ్ళో రోజుకు 400 రూపాయల చొప్పున నెలకు 10 రోజులు పని దొరికితే వచ్చేది 4,000. నగరంలో కూలి 700. నెలలో సగం రోజులు ఖాళీగా కూర్చున్నా 15 రోజులకు 10,500 వస్తుంది. అద్దె, తిండి, దారిఖర్చు పోను ఇంటికి పంపడానికి కొంత మిగులుతుందనే ఆశ మనిషిని రైలెక్కిస్తుంది. ఇది అవివేకం కాదు, లెక్కే.

అయితే డబ్బుతో లెక్కకు రాని కారణం కూడా ఒకటుంది. "ఊరూ వాడా" అని మనం జంటగా అంటాం. ఒకే గ్రామంలో కొందరికి ఊరు, కొందరికి ఊరి వెలుపలి వాడ అనే విభజన ఆ జంటపదంలోనే కనబడుతుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా పొగడటాన్ని తీవ్రంగా ఖండించింది ఇందుకే. ఊరే తమది కానివారికి, ఎవరి బావి ఏదో ఎవరూ అడగని చోటు కావాలి. నగరం అటువంటి చోటు కాగలదన్న ఆశ కూడా వలసకు ఒక బలమైన కారణం. ఆ ఆశ ఎంతవరకు తీరిందో తరువాత చూద్దాం.

పేటల నగరం

ఇక మన నగరానికి వద్దాం. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఈ తీరంలో కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చినవాడు దామర్ల వెంకటాద్రి నాయకుడు. అతని తండ్రి చెన్నప్ప నాయకుడి పేరే చెన్నపట్నమైందని ప్రసిద్ధి. ఈ చోటికి మంచి రేవు లేదు, జీవనది లేదు. ఉన్నదల్లా వస్త్ర వ్యాపారం. కోట వెలుపల నేతగాళ్ళనూ, అద్దకం పనివాళ్ళనూ, వర్తకులనూ పిలిచి నిలిపితేనే కంపెనీకి సరుకు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. కంపెనీకి తొలినాళ్ళ మధ్యవర్తి బేరి తిమ్మప్ప తెలుగు వర్తకుడే. పెద్దనాయకన్‌పేట పేరులోని "పెద్దనాయకుడు" పట్నం కాపలాకు బాధ్యుడు. అది తెలుగు మాట.

పేట అనే మాటను విద్యార్థులు గమనించాలి. పేట అంటే ఒక వృత్తి చుట్టూ అల్లుకున్న బస్తీ. నేసిన గుడ్డను ఉతికి తెల్లచేసేవారిది చాకలిపేట. తమిళులు దానిని వణ్ణారపేట అంటారు. 1734లో గవర్నరు జార్జి మార్టన్ పిట్ కాలంలో నేతగాళ్ళకోసం కూవం వంపులో ఒక పేట వెలసింది. తమిళంలో మగ్గాన్ని తఱి అంటారు. చిన్న తఱి పేటే చింతాద్రిపేట. ఈ పేటలలో ఇల్లూ పనీ ఒకే కప్పు కింద ఉండేవి. నూలుకు ముందుగా డబ్బిచ్చే వర్తకుడు పక్కవీధిలో, గుడి వీధి చివర, బంధువులు ఎదురింట్లో. నేతగాడి ప్రపంచమంతా నడిచి చేరుకోగల దూరంలో ఉండేది.

తరువాతి వలసలకు దారులు వేరు. 1876-78 నాటి మహా కరువులో లక్షలాది మంది చనిపోయారు. కూవం, అడయారు నదులను కలిపే కాలువ భాగం కరువుపనిగా తవ్వించినదే. పెదగంజాంనుంచి మరక్కాణం దాకా 400 కిలోమీటర్లకు పైగా సాగే బకింగ్‌హాం కాలువపై బియ్యం, కట్టెలు పడవల్లో పట్నానికి చేరేవి. 1899లో బెజవాడ, మదరాసుల మధ్య రైలుమార్గం కలిసింది. సరుకు వచ్చిన దారినే మనుషులూ వచ్చారు. రావెన్‌స్టయిన్ చెప్పినట్టు దగ్గరివారే ముందు: నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం, గుంటూరు ప్రాంతాలవారు.

శతకకారుడి కొలమానం

ఏ చోటు నివాసయోగ్యం? ఈ ప్రశ్నకు తెలుగువారు చిన్ననాడే ఒక జవాబు నేర్చుకుంటారు. సుమతి శతకంలో ఒక ప్రసిద్ధ పద్యం ఉంది. అవసరానికి అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎండిపోని ఏరు, ద్విజుడు, ఈ నాలుగూ అమరిన ఊళ్ళో ఉండమనీ, లేని ఊరు చొరవద్దనీ దాని సారాంశం. నీతి పద్యమని బట్టీపట్టి వదిలేస్తాం గాని, ఇది నిజానికి నివాసయోగ్యతకు ఒక నిర్వచనం. దీనితో చెన్నైని కొలిచి చూద్దాం.

అప్పు సంగతి చూశాం. నేతగాడిని పట్నానికి రప్పించినదే ముందస్తు పెట్టుబడి. ఈనాటికీ నగరంలో కొత్తగా దిగిన మనిషి మొదటి అవసరం చేబదులు.

వైద్యం విషయంలో ఈ నగరానిది మంచి పేరే. కోటలో 1664లో మొదలైన చిన్న ఆస్పత్రే కాలక్రమాన జనరల్ ఆస్పత్రి అయింది. ఉత్తర చెన్నైలోని స్టాన్లీ ఆస్పత్రిని పాతతరంవారు "కంజితొట్టి ఆస్పత్రి" అనేవారు. కరువు రోజుల్లో అక్కడి సత్రంలో గంజి పోసిన జ్ఞాపకం ఆ పేరులో ఉంది. ఆకలికి గంజి పోసిన చోటే రోగానికి మందిచ్చే చోటైంది. నెల్లూరు, చిత్తూరు జిల్లాలనుంచి వైద్యానికి చెన్నై రావడం ఇప్పటికీ మామూలే.

ద్విజుడు అన్న మాట ఆనాటి సమాజం చదువును ఒక వర్ణానికి కట్టిపెట్టిన సంగతిని చెబుతుంది. ఈనాడు దాన్ని "బడి" అని చదువుకోవాలి. 1920లో నగరపాలక సంస్థ అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టే ఏర్పాటు చేయించారు. ఆయన నేతవృత్తి కుటుంబానికి చెందిన తెలుగువారు. అన్నం లేనిదే అక్షరం అంటదని పేటల మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1854లో వావిళ్ళ ముద్రణాలయం ఇక్కడే వెలసింది. 1914నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడింది కూడా ఇక్కడినుంచే. ఈ పరీక్షలోనూ నగరం నెగ్గినట్టే.

చిక్కల్లా ఏరు దగ్గరే. 1772లో కోటకు నీరందించడానికి పెద్దనాయకన్‌పేట ఉత్తరాన ఏడు బావులు తవ్వారు. ఏళుకిణరు అనే పేరు ఆ ప్రాంతానికి ఇప్పటికీ ఉంది. తరువాత పుళల్ చెరువు నీరు వచ్చింది. ఇంకొకవైపు నగరం తన చెరువులను తానే పూడ్చుకుంటూ పెరిగింది. 1920లలో లాంగ్ టాంక్ అనే పెద్ద చెరువు స్థలంలో వెలసిన బస్తీయే త్యాగరాయనగర్. పేటల మనిషి పేరు చెరువు పోయిన చోటికి పెట్టారు. కడకు 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కృష్ణానదినుంచి ఏటా 15 శతకోటి ఘనపుటడుగుల నీరు విడవాలి. దారిలో తరుగు 3 పోగా చెన్నైకి 12 చేరాలి. కండలేరు మీదుగా ఆ నీరు 1996లో సరిహద్దు చేరింది. ఒప్పందంలోని మేరకు నీరు ఏటా అందడంలేదు. 2015 డిసెంబరులో ఈ నగరమే వరదలో మునిగింది. 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండి, జోలార్‌పేటనుంచి రైలుబండిలో నీళ్ళు తేవలసి వచ్చింది. చెరువులో కట్టిన ఇల్లు వానకు మునుగుతుంది, ఎండకు ఎండుతుంది. శతకకారుడు ఈ ఊరు చొరవద్దనే అనేవాడు.

అయినా జనం వచ్చారు, వస్తున్నారు, ఉంటున్నారు. అంటే పద్యంలో లేనిది ఏదో ఉండాలి.

పద్యంలో లేని అయిదవది

నా ఉద్దేశంలో ఆ అయిదవది "తెలిసినవాళ్ళు". శతకకారుడు దీనిని చెప్పలేదంటే మరచిపోయాడని కాదు. ఊళ్ళో పుట్టినవాడికి తెలిసినవాళ్ళు ఉండనే ఉంటారు, విడిగా చెప్పనక్కరలేదు. నగరంలో మాత్రం అది ముందుగా వెతుక్కోవలసిన వస్తువు. రైలు దిగిన మనిషి జేబులో ఉండేది చాలావరకు ఒక చిరునామా: మేనమామదో, మనఊరి మేస్త్రీదో. మొదటి రాత్రి పడుకోవడానికి చోటు, మొదటి పని, మొదటి చేబదులు, పిల్లవాడిని ఏ బడిలో చేర్చాలన్న సలహా, అన్నీ ఆ ఒక్క మనిషిద్వారానే. పద్యంలోని నాలుగింటికీ తాళపుచెవి ఈ అయిదవదే.

దీనికి రుజువు కావాలంటే ఎవరు వెళ్ళిపోయారో, ఎవరు మిగిలారో చూడండి. పొట్టి శ్రీరాములు ఈ నగరంలోనే నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న మరణించారు. 1953 అక్టోబరు 1న మదరాసు లేకుండానే ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ప్రభుత్వోద్యోగులు చాలామంది కర్నూలుకు తరలిపోయారు. దశాబ్దాలపాటు వడపళని స్టూడియోలలో తయారైన తెలుగు సినిమా 1970లనుంచి క్రమంగా హైదరాబాదు చేరింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభం అందులో ఒక మైలురాయి. ఉద్యోగం ఒక్కటే ఊరితో కట్టిన ముడి అయినవారు ఉద్యోగంతోపాటు కదిలారు. పేటలవారు కదలలేదు. వీధి, బంధువర్గం, గుడి, బడి, కొట్టు అన్నీ అల్లుకున్నచోట పటంమీద గీసిన గీత మనిషిని పెకలించలేకపోయింది. పని మనిషిని రప్పిస్తుంది. నిలిపేది ఈ అల్లిక.

అయితే ఈ అల్లిక పేరు చెప్పి అందరినీ ఒకే గాటకట్టకూడదు. నగరపు పారిశుద్ధ్య పనివారిలో తరతరాలుగా నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలనుంచి వచ్చిన దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారు వాడనుంచి తప్పించుకుని నగరానికి వచ్చారు. నగరం జీతమిచ్చింది, పిల్లలకు బడి చూపించింది. కాని అదే చీపురు మళ్ళీ చేతికిచ్చింది. తెలిసినవాళ్ళద్వారా దొరికే పని తెలిసిన పనే అవుతుంది. కులంనుంచి పారిపోయిన మనిషిని కులవృత్తి స్టేషనులోనే ఎదుర్కొంది. అల్లిక ఆసరా కూడా, కట్టు కూడా అని గుర్తుంచుకోవాలి.

అల్లిక బొత్తిగా లేనివారి సంగతి ఇంకా కష్టం. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలూ ఉన్నారు. "వలస" ఊరుగా మారిన నేలమీదనుంచి బయలుదేరి, ఈ నగరానికి ఇళ్ళు కట్టడానికి వచ్చినవారు వాళ్ళు. కట్టే చోటే వాళ్ళ బస, కట్టడం పూర్తయితే మరొక చోటు. అటువంటివారికి ఈ నగరం పనిచోటే గాని ఊరు కాలేదు.

విడదీస్తే ఏమవుతుంది?

ఇల్లు ఇస్తే చాలు, ఊరు ఇచ్చినట్టే అని పాలకులు అనుకోవడం కద్దు. 2000 ప్రాంతంనుంచి కూవం ఒడ్డునా ఇతరచోట్లా గుడిసెల్లో ఉన్న వేలాది కుటుంబాలను నగరం దక్షిణపు అంచున కణ్ణగినగర్‌కూ, ఆపైన పెరుంబాక్కానికీ తరలించారు. పక్కా గోడలున్నాయి, కప్పుంది. గుడిసె కన్న ఇది మేలు కాదా అని అడగవచ్చు. కాని ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి పనిళ్ళు పాతచోటే ఉండిపోయాయి. రెండు బస్సులు మారి వెళ్ళాలంటే కూలిలో ఎంత మిగులుతుంది? పిల్లల బడి చదువు మధ్యలో తెగింది. అప్పిచ్చే కొట్టువాడు అక్కడ లేడు. పొరుగువారు కొత్తవారు. నాలుగు గోడలు దొరికాయి, అయిదవది పోయింది. పూర్వం పేట కట్టినవారు వర్తకులు, లాభంకోసమే కట్టారు. అయినా మనిషి పనికీ ఇంటికీ మధ్య నడకదూరమే ఉండాలని వారికి తెలుసు. ఆ మాత్రం తెలివి మనం పోగొట్టుకోకూడదు.

భాష మాటేమిటి?

చివరగా మనకు సంబంధించిన విషయం. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం పాఠశాలల్లో ఒకటవ తరగతినుంచి తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం న్యాయమే, అవసరమే. అది నేర్చుకోనివాడికి ఈ ఊరు ఊరు కాదు. అయితే మాతృభాషకు చోటెక్కడ అన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్ళింది. ఆ వివాదం సంగతి ఎలా ఉన్నా, పేటల్లో తెలుగు ఇన్ని తరాలు నిలిచింది చట్టంవల్ల కాదు. అప్పు అడగడానికి, పెళ్ళి మాట్లాడటానికి, జ్వరం వచ్చినప్పుడు పక్కింటి తలుపు కొట్టడానికి ఆ భాష పనికివచ్చింది కనుక నిలిచింది. అల్లిక ఉన్నంతకాలం భాష ఉంటుంది. అల్లిక తెగితే బడిలో పాఠంగా మాత్రమే మిగులుతుంది.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. ఈ సెలవుల్లో మీ ఇంట్లో పెద్దవారిని రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది: ఈ నగరంలో మన కుటుంబానికి మొదటి రాత్రి చోటిచ్చినవారు ఎవరు? రెండవది: మీరు తిరిగి వెళ్ళడం మానుకున్నది ఎప్పుడు? మొదటిదానికి ఒక పేరు వస్తుంది. రెండవదానికి చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు. తొందరపెట్టకండి. వారు చెప్పినది చెప్పిన మాటల్లోనే, వారి యాసలోనే రాసుకోండి. ఒక చిరునామాతో మొదలైన వలస ఎక్కడ ఊరుగా మారిందో మీకు ఆ రెండు జవాబుల మధ్య కనిపిస్తుంది.

ఆ తరువాత ఎవరైనా "మీదే ఊరు?" అంటే, చూడని ఊరిపేరు చెప్పాలో, ఉన్న పేట పేరు చెప్పాలో మీరే నిర్ణయించుకోండి. రెండూ చెప్పినా తప్పులేదు.